ఈమ్ ఊరు, సెయింట్ లారెన్స్ చర్చి: మరణాల రిజిస్టరు కోసం వెళ్ళినవాడి రివ్యూ

1665లో ప్లేగు వచ్చి, ఊరి హద్దు దాటకుండా తనని తానే మూసుకున్న ఇంగ్లండ్ ఊరు ఈమ్. దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్ళు చాలామంది కారు దిగగానే మ్యూజియంలోకి దూరిపోతారు. నేనైతే అలా చెయ్యొద్దంటాను. ముందు చర్చి, తర్వాత వీధిలో ఇళ్ళు, ఆ తర్వాత ఊరి బయట సమాధులు, అన్నిటికంటే చివర మ్యూజియం. ఈ వరుసలో చూస్తే ఏది ఆ రోజుల్లోనే రాసిపెట్టిన సంగతో, ఏది వందేళ్ళు, నూట యాభై ఏళ్ళు గడిచాక చేరిన కథో మీకే తేలుతుంది. మ్యూజియంతో మొదలుపెడితే ముందు కథ తలకెక్కుతుంది. ఆ తర్వాత ఏ రాయిని చూసినా ఆ కథే కనిపిస్తుంది.

ఊరు ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ కౌంటీలో, పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కు లోపల కొండవాలు మీద ఉంది. ఇప్పుడు కూడా జనాభా సుమారు వెయ్యి. షెఫీల్డ్ నుంచి కారులో అరగంట పైచిలుకు. మా అబ్బాయీ కోడలూ అక్కడే ఉంటారు కాబట్టి మాకు దగ్గర. నేను మునిసిపల్ ఆఫీసులో జనన మరణాల సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాను. ఎవరైనా "ఆ రోజుల్లో ఊరు ఊరంతా పోయిందండీ" అంటే నా నోటి వెంట ముందు వచ్చే మాట "రిజిస్టరు ఏదీ?" అనే. కారు నడిపిన మా కోడలు "మావయ్యగారూ, సెలవు రోజున కూడా చావుల లెక్కలేనా?" అని నవ్వింది. సెలవు తనకి. నాకు రోజూ సెలవే.

కథ తెలియనివాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు. 1665లో లండన్‌లో పెద్ద ప్లేగు వచ్చింది. ఆ ఏడాది వేసవి చివర్లో అక్కడి నుంచి ఈమ్‌లోని దర్జీ అలెగ్జాండర్ హాడ్‌ఫీల్డ్ ఇంటికి ఒక బట్టల మూట వచ్చింది. మూట చెమ్మగా ఉంటే ఆ ఇంట్లో ఉండి పనిచేస్తున్న జార్జ్ విక్కర్స్ విప్పి నిప్పు దగ్గర ఆరేశాడు. ఎలుకల ఒంటి మీద రక్తం తాగి బతికే సన్న పురుగులు ఆ బట్టల్లో ఉన్నాయంటారు. సెప్టెంబరు 7, విక్కర్స్ పేరు పక్కన ఉన్న తేదీ. అదే నెలలో ఆ ఇంట్లోనే ఉన్న పిల్లవాడు ఎడ్వర్డ్ కూపర్, తర్వాత ఇరుగుపొరుగు. అక్టోబరులో ఇరవైమందికి పైగా పోయారు. చలికాలం వచ్చేసరికి జోరు తగ్గింది. 1666 మే నెలలో పోయినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇక పీడ వదిలిందనుకునేలోగా జూన్‌లో మళ్ళీ లేచింది. జూలైలో యాభైకి పైగా, ఆగస్టులో డెబ్భైకి పైగా చావులు.

ఆ జూన్‌లో ఇద్దరు పాస్టర్లు కలిసి ఊరివాళ్ళని ఒప్పించి మూడు కట్టుబాట్లు పెట్టారు. ఎవరింటి చావుని వాళ్ళే, సొంత తోటలోనో పొలంలోనో, వీలైనంత త్వరగా పాతిపెట్టుకోవాలి. చర్చికి తాళం వేసి ప్రార్థనలు ఆరుబయట, కుటుంబానికీ కుటుంబానికీ ఎడం ఉంచి జరపాలి. ఊరి హద్దు దాటి ఎవరూ పోకూడదు, బయటివాళ్ళు రాకూడదు. ఇవాళ ప్రపంచానికి ఈ ఊరు తెలిసిందంటే మూడో కట్టుబాటు వల్లే.

ఇద్దరు పాస్టర్లు ఎందుకనేది నాకు ప్లేగు కంటే ఆసక్తిగా అనిపించిన సంగతి. విలియం మాంపెసన్ కొత్తగా 1664లో వచ్చినవాడు. ముప్పై ఏళ్ళు నిండలేదు. భార్య క్యాథరిన్, ఇద్దరు చిన్నపిల్లలు. అతనికి ముందు ఇక్కడ పనిచేసిన థామస్ స్టాన్లీ ప్యూరిటన్ (చర్చి తంతులు ఇంకా తగ్గించాలనే క్రైస్తవ వర్గంవాడు). రాజు చార్లెస్ II తిరిగి గద్దెనెక్కాక 1662లో కొత్త చట్టం చేసి, ప్రభుత్వం ఆమోదించిన ప్రార్థన పుస్తకాన్నే వాడి తీరాలన్నారు. ఒప్పుకోని పాస్టర్లని ఉద్యోగాల్లోంచి తీసేశారు, వాళ్ళలో స్టాన్లీ ఒకడు. తీసేసినా ఆయన ఊళ్ళోనే ఉండేవాడు. ఊరివాళ్ళ నమ్మకం పాతాయన మీద, జీతం కొత్తాయనకి. మామూలు రోజుల్లో వీళ్ళిద్దరూ ఒక గదిలో కూర్చునేవాళ్ళే కాదు. ఆఫీసుల్లో బదిలీ అయినా సీటు వదలని పాత గుమాస్తానీ, చార్జి తీసుకోడానికి వచ్చిన కొత్తవాణ్ణీ చూసినవాడిగా చెప్తున్నాను, ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు చర్చి. సెయింట్ లారెన్స్ చర్చికి టికెట్ లేదు. విరాళం డబ్బా ఉంది, ఇష్టమైనంత వెయ్యొచ్చు, వెయ్యండి. ఇది ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చర్చి. ఆదివారం ఉదయం, పెళ్ళిళ్ళ వేళ, అంత్యక్రియల వేళ చుట్టాలు కానివాళ్ళు లోపల తిరగడం బాగుండదు. బయటి నుంచి చూస్తే మరీ గొప్పగా ఏమీ ఉండదు. బూడిదరంగు రాతి గోడలు, చతురస్రంగా ఒక గంట గోపురం. ఒకే కాలంలో కట్టిన కట్టడం కాదు. ఒక్కో శతాబ్దంలో ఒక్కో ముక్క కలుపుకుంటూ, పడగొట్టుకుంటూ, మళ్ళీ కట్టుకుంటూ వచ్చారు.

లోపలికి వెళ్ళేముందు సమాధుల తోటలో నిలబెట్టిన రాతి సిలువ దగ్గర ఆగండి. అది ఎనిమిదో శతాబ్దం నాటిదంటారు. అంటే ఇంగ్లండ్ అనే ఒక్క రాజ్యం ఇంకా ఏర్పడని రోజులు. రాయి మీద దేవదూతలు, ఒడిలో బిడ్డతో మరియ, అల్లుకుపోయిన తీగలు. నిలువు స్తంభంలో పైన కొంత ముక్క పోయింది కాబట్టి మనిషికి మెడ లేనట్టు పొట్టిగా కనిపిస్తుంది. ప్లేగు గొడవలో పడి జనం దీన్ని దాటిపోతారు. ప్లేగు వచ్చేనాటికే ఈ సిలువ వయసు తొమ్మిది వందల ఏళ్ళకి దగ్గర.

దాని దగ్గర్లోనే బల్లలా కట్టిన సమాధి క్యాథరిన్ మాంపెసన్‌ది. కట్టుబాటు పెట్టే ముందే భర్త పిల్లల్ని బయటి ఊరికి పంపించేశాడు, ఆమెని కూడా వెళ్ళమన్నాడు. ఆమె వెళ్ళలేదు. 1666 ఆగస్టు 25న పోయింది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. అంతమంది చనిపోయిన ఊళ్ళో చర్చి పక్కన ప్లేగు సమాధులు వరుసలుగా ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. ఉండవు. ఎవరి పొలంలో వాళ్ళని పాతిపెట్టమన్నారు కదా. చాలామందికి గుర్తు రాయి కూడా లేదు.

దక్షిణం వైపు గోడ మీద, ఒక తలుపు పైన 1775 నాటి ఎండ గడియారం ఉంది. ఎండ ఉంటే తప్పక చూడండి (ఇంగ్లండ్‌లో అది మన చేతిలో లేదు). కర్కాటక, మకర రేఖలు, దూరదేశాల్లోని ఊళ్ళ పేర్లు, అన్నీ ఒక్క రాతి పలక మీద గీశారు. కొండ మీద పల్లెటూళ్ళో ఎవరికి పనికొస్తుందని ఇంత లెక్క వేశారో!

లోపల పై గోడల మీద వెలిసిపోయిన రంగుల బొమ్మలు ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల గుర్తులు. సున్నం కింద దాక్కుని ఉంటే ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతులప్పుడు బయటపడ్డాయి. 1665 అని చెక్కి ఉన్న కుర్చీ ఒకటుంది, మాంపెసన్ కుర్చీ అంటారు. 1985లో పెట్టిన రంగుటద్దాల కిటికీలో ప్లేగు కథంతా బొమ్మలుగా ఉంటుంది. కిటికీ అందంగా ఉంది. ఫొటోలు తీసుకునేవాళ్ళు అక్కడే గుమిగూడతారు. వాళ్ళని అక్కడ వదిలేసి మీరు గాజు పెట్టెలో ఉన్న చావుల జాబితా దగ్గరికి వెళ్ళండి.

నేను ఎక్కువసేపు నిలబడింది అక్కడే. మా ఆవిడ రెండుసార్లు వచ్చి పిలిచి వెళ్ళిపోయింది. సిడాల్, థోర్ప్, టాల్బట్, కూపర్, హాన్‌కాక్. ఒకే ఇంటిపేరు ఒకదాని కింద ఒకటి, మధ్యలో ఒకటి రెండు వేరే పేర్లు, మళ్ళీ అదే ఇంటిపేరు. రిజిస్టరు రాసే అలవాటున్నవాడికి ఆ వరుస చూడగానే ఇంటి గుమ్మం కనిపిస్తుంది. తండ్రి, కొడుకు, కూతురు, మధ్యలో నాలుగు రోజుల ఎడం. ఆ నాలుగు రోజులు ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పడానికి రిమార్కుల కాలమ్ అక్కర్లేదు.

నాకు పట్టుకున్న ప్రశ్న ఒకటి ఉంది. చర్చికి తాళం. శవాలు చర్చికి రావు. గంట మోగదు. పాస్టరు దగ్గరుండి పాతిపెట్టడం లేదు. మరి ఈ పేర్లు పుస్తకంలోకి ఎలా వచ్చాయి? ప్రతి చావుకీ ఎవరో ఒకరు వచ్చి చెప్పి ఉండాలి, లేదా పాస్టరే గడప గడపకీ తిరిగి అడిగి ఉండాలి. కొన్నిచోట్ల పొలంలో భర్తని పాతిపెట్టి వచ్చిన మనిషే ఆ కబురు చెప్పి ఉంటుంది. మామూలు రోజుల్లో, ఏ జబ్బూ లేని ఊళ్ళో, ఇరవై ఒక్క రోజుల్లోగా వచ్చి చావు నమోదు చేయించండయ్యా అంటే వినని జనంతో వేగినవాణ్ణి నేను. ఆ ఆగస్టులో కూడా పద్దు ఆగలేదంటే నా దృష్టిలో ఊరి గొప్పతనం అక్కడుంది. హద్దు దాటకపోవడం గురించి అందరూ చెప్తారు, దీని గురించి ఎవరూ చెప్పరు.

లెక్క విషయానికొస్తే, అందరూ చెప్పే సంఖ్య 260. నవంబరు 20న మాంపెసన్ తన బంధువు జాన్ బీల్బీకి రాసిన ఉత్తరంలో 76 కుటుంబాల్లో 259 మంది పోయారని ఉంది. 2016లో ఇద్దరు పరిశోధకులు రిజిస్టరుని తీసుకుని మళ్ళీ లెక్కగట్టి 257 అన్నారు. మూడు లెక్కల మధ్య మూడు తేడా. మూడున్నర వందల ఏళ్ళ తర్వాత ఇంత దగ్గరగా కలిసే లెక్క నా సర్వీసులో చూడలేదు. తేడా వచ్చేదల్లా మొత్తం జనాభా దగ్గర. 350 మంది ఉండేవాళ్ళు, 83 మంది మిగిలారు అని పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. పొయ్యిల మీద పన్ను వసూలు చేసిన ఆనాటి రికార్డుల ప్రకారం ఊరు, చుట్టుపక్కల ఇళ్ళు కలిపి ఏడు వందల దాకా ఉండొచ్చని ఇప్పటివాళ్ళు అంటున్నారు. అప్పుడు ముగ్గురిలో ఒకరికి పైగా పోయినట్టు. నాలుగింట మూడొంతులు కాదు. అలా చెప్తే కథ చిన్నదైపోతుందని కొందరి బాధ. ముగ్గురిలో ఒకరంటే ఏం తక్కువ?

ఆ పరిశోధనలోనే ఇంకో సంగతి. ఎలుకల పురుగుల వల్ల అంటుకున్నవి సుమారు నాలుగో వంతేనట, మిగతావి మనిషి నుంచి మనిషికి అంటుకున్నవి. ఇంట్లో ఒకరికి వస్తే తక్కినవాళ్ళకి ప్రమాదం. రిజిస్టరులో ఇంటిపేర్లు గుత్తులు గుత్తులుగా కనిపించడానికి కారణం అదేనేమో.

చర్చి గురించి ఇంకో ముచ్చట, దీనికి ప్లేగుతో సంబంధం లేదు. 1680లలో జోసెఫ్ హంట్ అనే పాస్టరు ఊళ్ళోని మైనర్స్ ఆర్మ్స్ పబ్బులో తాగిన మత్తులో ఆ పబ్బు యజమాని కూతురితో ఉత్తుత్తి పెళ్ళి ఆడాడట. బిషప్పుకి తెలిసి, నిజం పెళ్ళే చేసుకోమన్నాడు. అప్పటికే ఇంకో అమ్మాయికి మాటిచ్చి ఉన్నాడు కాబట్టి ఆమె వైపువాళ్ళు దావా వేశారు. కోర్టు నోటీసులు తప్పించుకోడానికి ఈ పెద్దమనిషి చర్చికి ఆనుకుని ఉన్న చిన్నగదిలో కాపురం పెట్టాడని ఊళ్ళో చెప్పుకుంటారు. పబ్బు ఇప్పటికీ ఉంది.

సమాధుల తోట వదిలేముందు క్రికెట్ తెలిసినవాళ్ళు హారీ బాగ్‌షా సమాధి వెతుక్కోండి. డెర్బీషైర్ తరఫున ఆడి తర్వాత అంపైరింగ్ చేసినవాడు, 1927లో పోయాడు. రాయి మీద బంతి తగిలి చెదిరిన వికెట్లు, పైన ఆకాశం వైపు లేపిన అంపైర్ వేలు. ఔట్! మా అబ్బాయి అక్కడ నిలబడి పగలబడి నవ్వాడు. పక్కన ఎవరైనా ఉన్నారేమోనని మా కోడలు చుట్టూ చూసింది.

చర్చి నుంచి రెండడుగులు వేస్తే ప్లేగు కాటేజీలు. విక్కర్స్ ఉన్న ఇల్లు, దాని పక్క ఇళ్ళు. ముందు ఆకుపచ్చ పలకల మీద ఆ ఇంట్లో ఎవరెవరు పోయారో, తేదీలతో సహా రాసిపెట్టారు. చదువుకోడానికి తేలిగ్గా ఉంది, అక్షరాలు పెద్దవి. ఇవి మనుషులు కాపురం ఉంటున్న ఇళ్ళు. కిటికీ దగ్గర ముఖం పెట్టి లోపలికి చూసేవాళ్ళని నేను కళ్ళారా చూశాను. చదివి, ఫొటో తీసుకుని జరిగిపోతే మర్యాదగా ఉంటుంది.

ఈ వీధిలోనే ఎమ్మాట్ సిడాల్ కథ వినిపిస్తుంది. పక్క ఊరు స్టోనీ మిడిల్టన్ కుర్రవాడు రోలండ్ టోర్‌తో ఆమెకి పెళ్ళి కుదిరింది, ఇద్దరూ దూరం నుంచి ఒకరినొకరు చూసుకునేవాళ్ళు, ఏప్రిల్ చివర్లో ఆమె రావడం మానేసింది, ఊరు తెరుచుకున్నాక అతను వచ్చి చూస్తే ఇల్లు ఖాళీ. ఎమ్మాట్ పేరు రిజిస్టరులో ఉంది. ఆ కుర్రవాడి ఎదురుచూపులు జనం నోట వచ్చినవి. అబద్ధమని నేననను. రెండూ ఒకే రకం రుజువు కావు అంటాను, అంతే.

ఊరికి తూర్పుగా కొంచెం ఎక్కువ నడిస్తే రైలీ సమాధులు. అక్కడికి వెళ్ళే సందు ఎత్తుగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నెమ్మదిగా వెళ్ళండి. మా ఆవిడ సగం దారిలో బెంచీ మీద ఆగిపోయింది. పొలం మధ్య గుండ్రటి రాతి గోడ, లోపల హాన్‌కాక్ కుటుంబం రాళ్ళు. ఎలిజబెత్ హాన్‌కాక్ 1666 ఆగస్టు 3 నుంచి 10 దాకా, ఎనిమిది రోజుల్లో, భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తనే లాక్కొచ్చి తనే గొయ్యి తవ్వి పాతిపెట్టింది. ఆమె మాత్రం బతికింది. తర్వాత షెఫీల్డ్‌లో పని నేర్చుకుంటున్న మిగిలిన కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. ఈ రాళ్ళు ఇప్పుడు వరుసగా ఉన్నట్టు మొదట్లో లేవు, తర్వాత జరిపి గోడ కట్టారు. పాత కట్టడాలు కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళు చూసుకుంటున్నారు. టికెట్ లేదు, కాపలా లేదు. చుట్టూ గొర్రెలు మేస్తుంటాయి. ఊళ్ళో ఒక్కటే చూడ్డానికి టైముంటే, చర్చి తర్వాత ఇదే చూడండి.

స్టోనీ మిడిల్టన్ వైపు వెళ్ళే కాలిబాటలో హద్దు రాయి ఉంది. దాని మీద ఆరు గుంటలు. అంటు పోతుందని వెనిగర్ పోసి అందులో నాణేలు వేస్తే బయటివాళ్ళు సరుకులు పెట్టి డబ్బు తీసుకునేవాళ్ళు. ఇప్పుడు కూడా ఎవరెవరో ఆ గుంటల్లో చిల్లర వేసి పోతున్నారు. ఊరికి పైన ఉన్న మాంపెసన్ బావి దగ్గర కూడా ఇదే ఏర్పాటు, అక్కడ పారే నీళ్ళలో నాణేలు కడిగేవాళ్ళు. చాట్స్‌వర్త్‌లో ఉండే డెవన్‌షైర్ ఎర్ల్ (పెద్ద జమీందారులాంటివాడు) తిండిగింజలు పంపించాడు. కట్టుబాటు నిలబడడానికి పాస్టర్ల మాట ఎంత ముఖ్యమో బయటి నుంచి వచ్చిన ఆ బస్తాలూ అంతే ముఖ్యం. తిండి లేకపోతే ఏ ప్రసంగమూ ఊరిని కట్టిపడెయ్యలేదు.

మ్యూజియం పాత మెథడిస్ట్ ప్రార్థనాలయంలో ఉంది. 1994లో తెరిచారు. పైకప్పు మీద గాలి వాటం చూపించేది కోడి కాదు, ఎలుక. టికెట్ ఉంది, నడిపేది వాలంటీర్లు. నేను మాట్లాడిన పెద్దావిడ ఎంత ఓపిగ్గా చెప్పిందంటే, నా ఇంగ్లీషు యాసకి ఒక్కసారి కూడా ముఖం చిట్లించలేదు. స్థానిక చరిత్రకారుడు క్లారెన్స్ డేనియల్ ఇంట్లో పెట్టుకున్న సేకరణ దీనికి పునాది. కుటుంబం తర్వాత కుటుంబం ఎలా పోయిందో బోర్డుల మీద చక్కగా చెప్పారు. పిల్లలకి అర్థమవుతుంది. తర్వాత ఊరు మళ్ళీ ఎలా లేచిందో చెప్పే భాగాన్ని జనం గబగబా దాటేస్తున్నారు. సీసం గనులు, పట్టు నేత, చెప్పుల తయారీ, రాతి క్వారీలు అన్నీ అందులో ఉన్నాయి. సీసం తవ్వినవాళ్ళకి సొంత కోర్టే ఉండేదట. దాన్ని బార్మోట్ అంటారు.

చర్చి చూసి వచ్చాక మ్యూజియంలో మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది. ప్రతి కథ దగ్గరా ఇది ఎప్పుడు రాశారు అని అడగండి. ఆ సంవత్సరాల నాటివంటే రిజిస్టరు (ఇప్పుడున్నది తర్వాత తీసిన నకలు), మాంపెసన్ ఉత్తరాలు మూడు. పిల్లలకి ఒకటి, పోషకుడు సర్ జార్జ్ సావిల్‌కి ఒకటి, బీల్బీకి ఒకటి. శవాలు లాగే పని చేసి, పోయినవాళ్ళ సామాను తీసుకునే మార్షల్ హౌ, నీళ్ళనుకుని పందికొవ్వు గటగటా తాగి బతికి బయటపడ్డ మార్గరెట్ బ్లాక్‌వెల్, ఇలాంటివి నూట యాభై ఏళ్ళకి పైగా నోటి మాటగా తిరిగాయి. వాటిని ఊరివాడే అయిన విలియం ఉడ్ 1842లో అచ్చు వేసిన చరిత్రే జనంలోకి బాగా తీసుకెళ్ళింది. ఊరంతా ఇష్టపడి త్యాగం చేసిందనే మాట కూడా పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో పెరిగి పెద్దదైందని చరిత్రకారులు కొందరు వాదిస్తున్నారు. వెళ్ళగలిగిన డబ్బున్నవాళ్ళు ముందే వెళ్ళిపోయారు. పాస్టరు తన పిల్లల్ని బయటికి పంపించాడు. మిగిలినవాళ్ళలో ఎంతమందికి వెళ్ళడానికి చోటుంది? ఈ ప్రశ్న వేసినంత మాత్రాన ఎలిజబెత్ హాన్‌కాక్ మోసిన బరువు తగ్గదు.

ఆఖరి చావు 1666 నవంబరు 1న, ఏబ్రహామ్ మార్టెన్. స్టాన్లీ 1670లో ఈమ్‌లోనే పోయాడు, చర్చి దగ్గర ఆయన పేరుతో గుర్తు రాయి ఉంది. మాంపెసన్ తర్వాత నాటింగ్‌హామ్‌షైర్‌లోని ఈక్రింగ్‌కి మారాడు. ప్లేగు ఊరి నుంచి వచ్చాడని అక్కడివాళ్ళు భయపడి ఊళ్ళోకి రానివ్వలేదు. కొంతకాలం గుడిసెలో ఉండి చెట్టు కింద ప్రసంగాలు చేశాడట. ఊరి కట్టుబాటు కోసం భార్యని పోగొట్టుకున్న మనిషికి జరిగిన మర్యాద అది. 1709 దాకా బతికాడు.

తిండి విషయం. ఊళ్ళో టీ దొరికే చోట్లు ఉన్నాయి. మేం కూర్చున్న చోట స్కోన్ (టీతో తినే చిన్న బన్నులాంటిది) వేడిగా, బాగుంది. టీ మాత్రం నీళ్ళలో సంచీ ముంచి, మొహమాటంగా తీసేసినట్టుంది. ఇంకో సంచీ అడిగితే ఇచ్చారు, బిల్లులో వేశారు. కార్డు ఉంటేనే వెళ్ళండి, నోట్లు తీసుకోరట.

ఇక వెళ్ళేవాళ్ళకి. చలికాలంలో మ్యూజియం మూసేస్తారు, సోమవారాలు కూడా సాధారణంగా ఉండదు. బయల్దేరే ముందు సమయాలు చూసుకోండి. వీధి, సమాధులు ఎప్పుడైనా చూడొచ్చు, చర్చి మాత్రం ప్రార్థనలు లేని వేళల్లో. ఆగస్టు ఆఖరి ఆదివారం ప్లేగు సండే. చర్చి మూసినప్పుడు ప్రార్థనలు జరిగిన కక్లెట్ డెల్ఫ్ లోయలోనే ఆరుబయట ప్రార్థన జరుగుతుంది. అదే రోజుల్లో బావుల దగ్గర మట్టి పలకల మీద పూలరేకులు అద్ది బొమ్మలు పెట్టే డెర్బీషైర్ ఆచారం కూడా ఉంటుంది, కాబట్టి జనం ఎక్కువ, కారు ఆపుకోడానికి చోటు దొరకదు. ప్రశాంతంగా చూడాలంటే మేలో మామూలు పనిదినం మంచిది. వానకోటు, మెత్తటి బూట్లు తప్పనిసరి. రైలీ దారిలో బురద ఉంటుంది.

స్టార్లు ఇవ్వమంటే చర్చికి ఐదు, రైలీకి ఐదు, మ్యూజియానికి నాలుగున్నర. టీకి రెండు, అదీ స్కోన్ పుణ్యాన.